చూశాను

ఉదయం వెళ్లిన లారీ మధ్యాహ్నానికి వెళ్లినట్టే తిరిగి వచ్చింది. సరుకు మీద కప్పిన టార్పాలిన్ కూడా విప్పలేదు. పెద్దకోడలు పిన్నుల యంత్రం దగ్గర నిలబడి, అప్పుడే దిగిన అట్టపెట్టెల అంచులు తడుముతూ ఉంది. బ్రేకు చప్పుడుకు తల తిప్పి చూసి, వానకు రోడ్డు ఎక్కడైనా తెగిందేమో అనుకుంది.

డ్రైవరు దిగాడు. అతన్ని అందరూ సోడాబుడ్డి అంటారు. అంత మందం కళ్లద్దాల మనిషికి లారీ ఎవరిచ్చారని కొత్తవాళ్లు ఆశ్చర్యపోతారు గానీ, పాతవాళ్లకు అతని చూపుతో ఇబ్బంది లేదు, నోటితోనే ఇబ్బంది. మనసులో ఉన్నదాన్ని కాస్త చల్లార్చి చెప్పడం అతనికి చేతకాదు. ఆ రోజూ అంతే. చేతిలో సరుకు చలానా కాగితం ఊపుకుంటూ వచ్చి, పనివాళ్లందరూ వింటుండగా అనేశాడు.

"పెద్దమ్మగారూ, మీ సంతకం చెల్లదంటండీ."

చెల్లదు. చిరిగిన నోటును దుకాణంవాడు వెనక్కి తోసేటప్పుడు అనే మాట అది. పెద్దకోడలు చేతిలోని పెట్టెను నెమ్మదిగా కింద పెట్టి, ఏమిటి చెల్లదన్నావని అడిగింది. సోడాబుడ్డి విడమరిచి చెప్పాడు. మందుల కంపెనీవాళ్లు పద్ధతి మార్చారట. పెన్నుతో పెట్టిన సంతకాలు గేటు దగ్గర తీసుకోరట. కంప్యూటరులో పెట్టిన సంతకం ఉంటేనే సరుకు లోపలికి రానిస్తారట. తాను ఎంతో బతిమాలానన్నాడు. ఇది చూశానుగారి లోడయ్యా అని కూడా చెప్పానన్నాడు.

ఆ ఫ్యాక్టరీ నుంచి బయటకు వెళ్లే ప్రతి లోడుకూ చలానా మీద సంతకం పెద్దకోడలిదే. పెట్టెలు ఆరి గట్టిగా ఉన్నాయని కింద అచ్చువేసి ఉంటుంది. ఆ అచ్చును ఆమె నమ్మదు. ప్రతి కట్టలోంచి ఒక పెట్టె లాగి, మూల మీద బొటనవేలు నొక్కి, చెవి దగ్గర పెట్టుకుని వేలితో కొట్టి, ముడతల కాగితం సందులో ముక్కు పెట్టి వాసన చూస్తుంది. ఆరిన అట్ట టకటకమంటుంది. పచ్చి అట్ట పులిసిన పిండి వాసన వేస్తుంది. అంతా అయ్యాక సంతకం పెడుతుంది. మొదటి అక్షరం పెద్దగా, చివరి అక్షరం తోక సాగి సాగి వెనక్కి తిరిగి పేరంతటికీ కింద గీతలాగా పరుచుకుంటుంది. ఆ గీత కింద ఒకే ఒక మాట రాస్తుంది: చూశాను. మందుల కంపెనీ గేటు దగ్గరివాళ్లు ఆమె మొహం ఎన్నడూ ఎరగరు. వాళ్లకు ఆమె పేరే చూశానుగారు. ఆ సంగతి సోడాబుడ్డే మోసుకొచ్చి చెప్పాడు. విన్నప్పుడు ఆమె చిరాకుపడినట్టు మొహం పెట్టింది గానీ, ఆ సాయంత్రమంతా లోపల్లోపల మురిసిపోయింది.

గొడవ విని మామగారు అద్దాల గదిలోంచి బయటకు వచ్చారు. ఆయన వెనకే చిన్నకోడలు వచ్చింది. ఆమె మెడలో ఆకుపచ్చ రిబ్బను, ఆ రిబ్బనుకు చిటికెనవేలంత తాళంచెవి వేలాడుతున్నాయి. తాళంచెవి అనడం ఆ ఇంట్లో అలవాటు. నిజానికి అది కంప్యూటరులో గుచ్చే పుల్లముక్క. చిన్నకోడలి సంతకం దాంట్లో ఉంటుంది. పన్నుల కాగితాలు పంపడానికని ఆమె పేరున తీశారు. ఇంట్లో కామర్సు చదివింది ఆమె ఒక్కతే.

మామగారు చలానా అటూ ఇటూ తిప్పి చూసి, ఇంతోటిదానికి లారీని తిప్పాలా అని గొణిగారు. తరవాత పెద్దకోడలి వైపు తిరిగారు.

"అమ్మాయ్, ఇకమీదట చలానాలు చిన్నమ్మాయి పెడుతుందిలే. నువ్వు సరుకు చూసుకో, చాలు."

ఆ 'చాలు' అన్న మాట ఆయన ఏమీ అనుకోకుండా అన్నారు. ఆమెకు అది గుచ్చుకుంది. సరుకు చూడటానికి తాను, సంతకానికి ఇంకొకరు. అద్దంలోంచి చూస్తూ నిలబడింది. చిన్నకోడలు కుర్చీలో కూర్చుంది, పుల్లముక్క గుచ్చింది, నాలుగు మీటలు నొక్కింది. ఎర్రదీపం ఒకటి రెండుసార్లు ఆరి వెలిగింది. ప్రింటరు కాగితం కక్కింది. అంతే, లారీ కదిలింది. కుర్చీలోంచి లేవనైనా లేవలేదు. ఒక్క పెట్టెను వేలితోనైనా తాకలేదు. పెద్దకోడలు తిరిగి పిన్నుల యంత్రం దగ్గరకు వెళ్లి, ఏ తప్పూ లేని పెట్టెను చూపించి మేస్త్రిని కేకలేసింది.

ఇల్లు ఫ్యాక్టరీ మీదే. కింద యంత్రాలు, పైన వంట. మెట్లు దిగితే పని, మెట్లెక్కితే సంసారం. అందువల్ల ఒకచోట పుట్టిన మంట ఇంకోచోట చల్లారే వీలు లేదు. పెద్దకోడలు ఆ రాత్రి భోజనాల దగ్గర అందరికీ వడ్డించి, చిన్నకోడలి కంచం దగ్గరకొచ్చేసరికి గరిట గిన్నెలో వదిలేసి వంటింట్లోకి వెళ్లిపోయింది. చిన్నకోడలు తానే వడ్డించుకుంది. అది ఎవరికీ కనిపించలేదు. కనిపించనందుకు పెద్దకోడలికి ఇంకా ఒళ్లు మండింది.

మర్నాడు మొదలు ఆమె కళ్లు ఆ రిబ్బను వెంటే తిరిగాయి. దాన్ని చిన్నకోడలు కూరలు తరిగేటప్పుడు వీపు వెనక్కి వేసుకుంటుంది. మాట్లాడేటప్పుడు వేలికి చుట్టుకుంటుంది. మామగారు పిలిస్తే ముందు చెయ్యి దాని మీదకే వెళుతుంది. ఇంతకుముందు డ్రైవర్లు లోపలికొస్తూనే పెద్దమ్మగారెక్కడ అనేవారు. ఇప్పుడు నేరుగా అద్దాల గదికి పోతున్నారు. టీ తెచ్చేవాడు కూడా మొదటి గ్లాసు అక్కడే పెడుతున్నాడు. వాడికి ఎవరు చెప్పారో! అదేమీ పట్టనట్టు ఉండాలని పెద్దకోడలు అనుకుంది. అనుకున్న కాసేపటికే అద్దాల గదిలోకి వెళ్లి, అక్కర్లేని కత్తెర కోసం వెతికింది.

"ఇంతకీ ఈ పుల్లముక్క సంతకం నిజంగా చెల్లుతుందా?" అని వెతుకుతూనే అడిగింది. "రేపు కోర్టుకెక్కితే నిలబడుతుందా అని అడుగుతున్నా."

చిన్నకోడలికి ఆ ప్రశ్నలో ముల్లు తగల్లేదు. తగిలినా పైకి తెలియనివ్వలేదు. ఆమె నవ్వి, అక్కా ఇలా కూర్చోండి అని కుర్చీ జరిపింది. చట్టం ప్రకారం ఇది చేతి సంతకంతో సమానమేనంది. ఏ నిమిషంలో పెట్టామో అందులోనే ఉంటుందట. పెట్టాక కాగితంలో ఒక్క అక్షరం మార్చినా దొరికిపోతుందట. అందుకే ఎవరైనా నేను పెట్టలేదని బుకాయించడం కష్టమట.

"మరి ఈ తాళంచెవి ఎవరైనా పట్టుకుపోతే?"

"పిన్ను నంబరు కావాలిగా అక్కా. అది నాకు తప్ప ఎవరికీ తెలియకూడదు. అదే రూలు."

తెలియకూడదు, నిజమే. కానీ ఆ నంబరు పెట్టించింది మామగారు. ఫ్యాక్టరీ పెట్టిన సంవత్సరమే ఆ నంబరు. ఆ ఇంట్లో గేటు తాళానికీ అదే, బీరువాకూ అదే, టీవీకీ అదే, ఆయన ఫోనుకూ అదే. మరచిపోతే కష్టమని ఆయన ఎక్కడైనా అదే పెట్టిస్తారు. ఇంటిల్లిపాదికీ తెలిసిన రహస్యాన్ని చిన్నకోడలు అంత గంభీరంగా చెబుతుంటే పెద్దకోడలికి నవ్వొచ్చింది. కత్తెర దొరకలేదని చెప్పి బయటకు వచ్చింది.

రాత్రి భర్త దగ్గర కక్కేసింది. ఆయన ఏదో బేరింగును నూనె గుడ్డతో తుడుస్తూ విన్నాడు. ఒకప్పుడు వేలిముద్ర ఉండేది, అది పోయి సంతకం వచ్చింది, ఇప్పుడు సంతకం పోయి తాళంచెవి వచ్చింది, దీనికి నీకెందుకే బాధ, పని తగ్గిందని సంతోషించక, అన్నాడు. పని తగ్గలేదని, పేరు తగ్గిందని ఆమె చెప్పబోయింది. ఆయన అప్పటికే బేరింగును దీపానికెత్తి చూసుకుంటున్నాడు. ఆమె మంచం మీద కూర్చుని, చించిన అట్టముక్క మీద తన పేరు రాసింది. తోక సాగదీసింది. కింద ఏమీ రాయకుండా దిండు కిందకు తోసేసి పడుకుంది.

ముసురు పట్టుకుంది. అట్టపెట్టెలవాళ్లకు ముసురంత శత్రువు లేదు. జిగురు ఆరదు, కాగితం గాలిలో తడినంతా పీల్చుకుంటుంది, పైకి గట్టిగానే కనిపించి లోపల మెత్తబడిపోతుంది. అటువంటి రోజుల్లో పెద్దకోడలు కట్టకు ఒకటి కాదు, రెండు మూడు పెట్టెలు లాగి చూస్తుంది. ఆరనివాటిని వేడి గాలి గదిలోకి తిప్పి పంపిస్తుంది. ఎవరు తొందరపెట్టినా వినదు.

ఆ ముసురులోనే చిన్నకోడలికి జ్వరం తగిలింది. మామగారూ చిన్నకొడుకూ కాగితం మిల్లుకు వెళ్లారు. పెద్దకొడుకు విరిగిన పళ్లచక్రం మార్పించుకు రావడానికి ఎక్కడికో పోయాడు. ఇంట్లో ఇద్దరాడవాళ్లు మిగిలారు. పెద్దకోడలు వేడి పాలు తీసుకుని వెళ్లేసరికి చిన్నకోడలు తడిగుడ్డ నుదుటిన వేసుకుని ఒళ్లెరక్కుండా నిద్రపోతోంది. మంచం కోడుకు ఆకుపచ్చ రిబ్బను వేలాడుతోంది.

కింద నుంచి సోడాబుడ్డి హారను కొట్టాడు. మందుల కంపెనీ లోడు. చీకటి పడితే గేటు మూసేస్తారు, చలానా కావాలి. ఆమె పాలగ్లాసు పట్టుకుని నిలబడింది. లేపవచ్చు. ఒక్క పిలుపు పిలిస్తే చాలు, ఎలాగోలా లేచి దిగివచ్చి ఆ నాలుగు మీటలూ నొక్కి పోతుంది. కానీ పాపం, ఒళ్లు కాలిపోతున్న మనిషిని లేపడమెందుకు అనుకుంది పెద్దకోడలు. తన మనసులో ఉన్నదానికి జాలి అని పేరు పెట్టుకుంది. జాలే అయితే గ్లాసు చప్పుడు కాకుండా పెట్టి, మెల్లగా రిబ్బను తీసుకోవడమెందుకో ఆమె తనను తాను అడగలేదు.

మెట్లు దిగుతూ రిబ్బను మెడలో వేసుకుంది. ఎవరూ చూడలేదని తెలిసి మళ్లీ తీసి గుప్పిట్లో పెట్టుకుంది. అద్దాల గదిలో కుర్చీ ఆమెకు ఎత్తు తక్కువైంది. సర్దుకుంది. పుల్లముక్కను మొదట తిరగేసి గుచ్చింది. దూరలేదు. రెండోసారి దూరింది. ఎర్రదీపం వెలిగింది. ఆ దీపం ఈసారి తన కోసం వెలిగింది.

పిన్నుల మేస్త్రి తలుపు తట్టాడు. కట్టలు కట్టడం అయిందనీ, చూస్తారా అనీ అడిగాడు. వస్తున్నా అంది. కంప్యూటరు పిన్ను అడుగుతోంది. ఫ్యాక్టరీ పెట్టిన సంవత్సరం కొట్టింది. తలుపు తెరుచుకున్నట్టు తెర మీద చలానా తెరుచుకుంది. మేస్త్రి మళ్లీ వచ్చి, లారీ తొందరపెడుతోందనీ, ఎడమ వైపు వరస నిన్న రాత్రి జిగురేసిందనీ చెప్పాడు. ఆమె తెర మీంచి కళ్లు తీయలేదు.

"ఎక్కించెయ్" అంది.

మేస్త్రి తను విన్నది నిజమేనా అన్నట్టు చూసి వెళ్లిపోయాడు.

చలానా అడుగున 'రిమార్కులు' అని ఒక గడి ఖాళీగా ఉంది. లేబుళ్లు కొట్టే అలవాటు ఉంది కనుక ఆమె వేళ్లకు అక్షరాలు తెలుసు. ఆలోచించనక్కర్లేకుండానే ఆ గడిలో తన మాట కొట్టేసింది. ఆ తరవాత సంతకం మీట నొక్కింది.

తెర మీద పచ్చటి టిక్కు పడింది. దాని పక్కన పేరు వచ్చింది. చిన్నకోడలి పేరు. ముందు పుట్టింటి ఇంటిపేరు, వెనక డిగ్రీ, అన్నీ ఉన్నాయి. పెద్దకోడలు దాన్ని చాలాసేపు చూసింది. ఇది ఇలాగే వస్తుందని ఆమెకు తెలియక కాదు. తెలుసు. అయినా వేలు తనది, నొక్కింది తాను, పక్కనున్న మాట తనది. పేరు మాత్రం ఎక్కడో పైన నిద్రపోతున్న మనిషిది. తాళం ఎవరు తిప్పితే తలుపు వాళ్లకే తెరుచుకుంటుందని ఎక్కడో ఒక మూల ఆశ ఉండిపోయినట్టుంది. ఇతరుల చీర కట్టుకుని అద్దం ముందు నిలబడ్డట్టు సిగ్గేసింది.

కాగితం సోడాబుడ్డి చేతిలో పెట్టి పంపేసింది. లారీ వెళ్లిపోయాక గానీ, ఆ రోజు కట్టల దగ్గరకు వెళ్లలేదని గుర్తురాలేదు. ఆ, మేస్త్రికి మాత్రం తెలియదా అనుకుంది. పైకెళ్లి రిబ్బను మంచం కోడుకు తగిలించింది. పాల మీద మీగడ కట్టింది. చిన్నకోడలు కదిలి, కళ్లు తెరవకుండానే "అక్కా, మీరేనా?" అంది. అవునంది పెద్దకోడలు. దాహం అంటే నీళ్లు తాగించింది. తాగిస్తూ కూడా ఆ మెడ ఖాళీగా ఉండటం చూసి లోపల ఒక చిన్న సుఖం కలిగింది.

మందుల కంపెనీ నుంచి మనిషి రెండో రోజు పొద్దున్నే వచ్చాడు. అప్పటికి మగవాళ్లు ముగ్గురూ తిరిగి వచ్చి ఇంట్లోనే ఉన్నారు. నాణ్యత అధికారి. బక్కగా, ఇస్త్రీ చొక్కా నలగకుండా కూర్చునే మనిషి. వెంట రెండు పెట్టెలు తెచ్చి మామగారి బల్ల మీద పెట్టాడు. వాటి మూలలు నలిగి, తడిసిన రొట్టెలా అణగిపోయి ఉన్నాయి. గుమ్మం దగ్గర నిలబడిన పెద్దకోడలికి అంత దూరం నుంచే ఆ పులిసిన వాసన తగిలింది.

ఆయన గొంతు పెంచకుండా చెప్పాడు. సీసాలు నింపి గోడౌనులో దొంతర పెట్టారు. రాత్రి అడుగు వరస మెత్తబడి కూలింది. మందు సీసాల పెట్టెలు హమాలీ మీద పడ్డాయి. అతని తొడ ఎముక విరిగింది. ఆస్పత్రిలో ఉన్నాడు. ఫిర్యాదు ఇవ్వక తప్పదు. సరుకు గట్టిగా ఉందని సంతకం పెట్టి పంపింది ఎవరో వాళ్ల మీద ఇవ్వాలి.

"ఆయనకిప్పుడెలా ఉందండీ?" అని అడిగింది చిన్నకోడలు. దుప్పటి కప్పుకుని కూర్చుంది, పెదాలు ఎండిపోయి ఉన్నాయి. ఆ మాట తాను అడగవలసింది కదా అనుకుంది పెద్దకోడలు. అది కూడా తోటికోడలే ముందు అడిగేసింది.

ఆపరేషను చేస్తారని చెప్పి అధికారి చలానా తీశాడు. చిన్నకోడలు దాన్ని దగ్గరగా పట్టుకుని చూసి, ఆ రోజు నేను మంచం దిగలేదండీ, ఇది నేను పెట్టలేదంది. అధికారి నొచ్చుకున్నట్టు తల ఊపాడు. అమ్మా, మీరు అబద్ధం చెబుతున్నారని నేననను, కానీ తాళంచెవి ఎవరి పేరున ఉంటే సంతకం వాళ్లదేనని చట్టం అనుకుంటుంది, కాదని మీరే రుజువు చేసుకోవాలి, ఆ తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది, పిన్ను ఎవరికి తెలుసు అని అడుగుతారు, ఏం చెబుతారు అన్నాడు.

చిన్నకోడలు మామగారి వైపు చూసింది. ఆయన గడ్డం గోక్కుంటున్నారు. పిన్ను ఇంటిల్లిపాదికీ తెలుసని పైకి అంటే, ఇన్నాళ్లూ పంపిన ప్రతి కాగితం మీదా అనుమానం వస్తుంది. పని ఇచ్చే కంపెనీలన్నీ తలుపులు మూసేస్తాయి. ఆయన చాలా మెత్తగా, "జ్వరం కదమ్మా. పెట్టి మరిచిపోయుంటావు" అన్నారు. చిన్నకొడుకు నేల చూశాడు. తాను పెళ్లాం వైపు మాట్లాడాలో తండ్రి వైపు మాట్లాడాలో తేల్చుకోలేక చొక్కా గుండీ తిప్పాడు.

పెద్దకోడలు గుమ్మం పట్టుకుని ఉంది. దాచడానికేముంది, ఆ క్షణంలో ఆమెకు సంతోషం కలిగింది. అద్దాల గది, మొదటి టీ గ్లాసు, వేలికి చుట్టుకునే రిబ్బను, అన్నీ ఇప్పుడు అనుభవించమ్మా అని మనసు గంతేసింది. తన పేరు ఎక్కడా లేదు. చట్టానికి తాను ఆ రోజు పుట్టనైనా లేదు. నోరు మూసుకుని ఉంటే చాలు. ఆ సంతోషం వెంటే కూలిన దొంతరా, దాని కింద ఎవరిదో తొడా కళ్ల ముందుకు వచ్చాయి.

లోడు దారిలో తడవలేదని చెప్పడానికి పిలిపించిన సోడాబుడ్డి మూలన చేతులు కట్టుకుని ఉన్నాడు. అధికారి చలానా మళ్లీ తీసుకుని, ఇంకొకటి కూడా ఉందన్నాడు. రిమార్కుల గడి మీరెప్పుడూ ఖాళీగా వదిలేస్తారు, ఈసారి మాత్రం ఒక మాట రాశారు అంటూ కళ్లజోడు సర్దుకుని చదివాడు.

"చూశాను."

సోడాబుడ్డి తలెత్తాడు. ఎత్తిన తలను వెంటనే దించేసుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక అతను నోటిదాకా వచ్చిన మాటను మింగడం అదే మొదటిసారి కావచ్చు. పెద్దకొడుకు తన భార్య వైపు చూశాడు. మామగారి చెయ్యి గడ్డం మీద ఆగిపోయింది. అధికారి ఒక్కడికే ఆ గదిలో ఏం జరిగిందో అర్థం కాలేదు.

చిన్నకోడలు నెమ్మదిగా మెడ తిప్పింది. ఆ చూపులో కోపం లేదు. మంచం పక్కన నీళ్ల గ్లాసు పట్టుకున్న చెయ్యిని గుర్తు తెచ్చుకుంటున్నట్టుంది. తరవాత అధికారి వైపు తిరిగింది.

"అవునండీ. నేనే పెట్టాను. జ్వరంలో గుర్తులేదు. ఆ మాట కూడా నేనే రాశాను."

మామగారు నిట్టూర్చారు. ఆ నిట్టూర్పులో ఎంత చల్లదనం! ఆయన లేచి వెళ్లి చిన్నకోడలి తల మీద చెయ్యి వేశారు. ఆ చెయ్యి ఎన్నడూ పెద్దకోడలి తల మీద పడలేదు. ఇల్లు కాపాడావు తల్లీ అని ఆయన అనలేదు, కానీ ఆ వేళ్లు అదే అంటున్నాయి. చిన్నకొడుకు కళ్లు చెమర్చాయి. తన భర్త సైతం, ఆ నూనె గుడ్డ మనిషి సైతం, మరదలి వైపు దణ్ణం పెట్టబోయేవాడిలా చూస్తున్నాడు.

పెద్దకోడలికి బతికిపోయానని అనిపించి ఉండాలి. అనిపించలేదు. కుర్చీ దానిదే, తాళంచెవి దానిదే, టీ గ్లాసు దానిదే, ఇప్పుడు ఈ మంచితనమూ దానిదేనా? రేపటి నుంచి తాను ఈ ఇంట్లో అన్నం తిన్నన్నాళ్లూ, దాని దయ మీద తింటున్నట్టే లెక్క. ఎవరూ ఒక్క మాట అనరు. అందరికీ తెలిసి ఉంటుంది. అదైనా ఎలాగో భరించేదేమో. కానీ ఆ మాట? పేరు పోయింది, పోనీ అనుకుంది. ఊరూ పేరూ తెలియని గేటువాళ్లు తనకు పేరుగా పెట్టుకున్న ఆ ఒక్క మాటను కూడా, నేనే రాశానని అదెలా అంటుంది?

"ఆ సంతకం నాది" అంది పెద్దకోడలు.

అంత గట్టిగా వస్తుందని ఆమె అనుకోలేదు. అందరూ తిరిగారు. మామగారు కంగారుగా అమ్మాయ్ అన్నారు. ఆమె ఆగలేదు. గదిలోకి నడిచి వచ్చి బల్ల ముందు నిలబడింది.

"పేరు ఆమెది. సంతకం నాది. ఆమె నిద్రపోతుంటే తాళంచెవి తీసుకెళ్లి నేనే పెట్టాను. పిన్ను ఈ ఇంట్లో అందరికీ తెలుసు, గేటు తాళానికీ అదే. ఆ మాట రాసేది ఈ ఫ్యాక్టరీలో నేనొక్కదాన్నే. కావాలంటే మీ గేటు దగ్గర అడగండి, చూశాను అంటే ఎవరో."

అధికారి ఆమెను తేరిపార చూశాడు. మా గేటువాళ్లు చెప్పే చూశానుగారంటే మీరేనా అన్నాడు, మొదటిసారి కొంచెం మెత్తబడి. మామగారు కూర్చుండిపోయారు. అక్కా, ఎందుకక్కా అంటూ చిన్నకోడలు లేవబోయి, తూలి, బల్ల పట్టుకుంది. పెద్దకోడలు ఆమె వైపు చూడలేదు. చూస్తే ఏడుపొస్తుందేమోనని భయం. ఏడిస్తే ఇది కూడా మంచితనం కింద జమైపోతుందని ఇంకో భయం.

ఇది మాటతో పోయేది కాదన్నాడు అధికారి. తాళంచెవి జాగ్రత్తగా పెట్టుకోనందుకు సంస్థ జవాబు చెప్పుకోవాలి, అది వేరే సంగతి. సంతకం ఎవరు పెట్టారన్నదానికి మాత్రం ఆమె రాసివ్వాలి. సంచీలోంచి తెల్లకాగితం తీసి బల్ల మీద పరిచాడు. జేబులోంచి పెన్ను తీసి ఆమె వైపు చాచాడు.

ఆమె పెన్ను వైపు చూసింది.

"దీంతోనా?"

"దీంతోనేనమ్మా. మీ పేరున తాళంచెవి లేదుగా."

"చెల్లుతుందా?"

"ఎందుకు చెల్లదు? చేతి సంతకం ఎప్పటికైనా చెల్లుతుంది. మా గేటు దగ్గరే కుదరదు గానీ."

ఆమె కూర్చుంది. జరిగింది జరిగినట్టు రాసింది. నిద్రపోతున్న మనిషి, రిబ్బను, పిన్ను, ఎక్కించెయ్ అన్న మాట, ఎడమ వైపు వరస, ఒకటీ వదల్లేదు. రాయడం అయ్యాక బొటనవేలు చీర కొంగుకు తుడుచుకుని సంతకం పెట్టింది. మొదటి అక్షరం పెద్దగా వచ్చింది. తోక ఎప్పటిలాగే సాగింది, వెనక్కి తిరిగింది, పేరంతటికీ కింద గీతలాగా పరుచుకుంది. చాలా అందంగా వచ్చింది. అందరూ చూస్తున్నారు. చిన్నకోడలు కూడా చూస్తోంది.

చెయ్యి అలవాటు చొప్పున గీత కిందకు దిగింది. 'చూ' అని రాసింది. అక్కడ ఆగింది. బల్ల మీది పెట్టె పులిసిన వాసన వేస్తోంది. ఇన్నేళ్లలో చూడకుండా ఆ మాట రాసింది ఆ ఒక్కరోజే, తన పేరు కాని పేరు పక్కన. ఆమె ఎడమ చేత్తో పెట్టె మూల మీద బొటనవేలు పెట్టి నొక్కింది. వేలు లోపలికి దిగిపోయింది.

కలం మళ్లీ ఆనించి, ఆగినచోటి నుంచి మిగతా అక్షరాలు ఒక్కొక్కటే రాసింది.

చూడలేదు.